చదవని పేరా, చదివి రాయాల్సిన జవాబు



ఎన్నడూ చూడని ఇంగ్లీషు పేరా ఒకటి ఇచ్చి, దాని కింద ప్రశ్నలు అడిగే పద్ధతిని రీడింగ్ కాంప్రహెన్షన్ అంటారు. పల్నాడు జూనియర్ కాలేజీల్లో దీనికి దక్కే చోటు చిన్నది. కారణం అందరికీ తెలిసిందే. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో ఉండే 160 ప్రశ్నల్లో లెక్కలవి 80, ఫిజిక్స్‌వి 40, కెమిస్ట్రీవి 40. నీట్‌లోనూ, జేఈఈ మెయిన్‌లోనూ ఇంగ్లీషుకు విడిగా ఒక్క మార్కు లేదు. ర్యాంకు తెచ్చిపెట్టని సబ్జెక్టుకు స్టడీ అవర్‌లో టైము ఎవరిస్తారు? నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఎంపీసీ, బైపీసీ పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు గైడు తెరిచేది పబ్లిక్ పరీక్షల ముందే.

ఈ మూడు పరీక్షల దారి వదిలి పక్కకు జరిగితే మాత్రం లెక్క మారిపోతుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్ల కోసం 2022లో మొదలైన సీయూఈటీలో ఇంగ్లీషు పేపరుంది. 2025 నుంచి అందులో గంటకు 50 ప్రశ్నలు. వాటిలో చెప్పుకోదగ్గ భాగం పేరాల మీదే వస్తుంది. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య వర్సిటీ లాంటి లా కాలేజీలకు క్లాట్ రాయాలి. అందులో 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. ఇంగ్లీషే కాదు, లా, కరెంట్ అఫైర్స్, లాజిక్ కూడా పేరా ఇచ్చే అడుగుతారు. ఎన్‌డీఏ రాతపరీక్షలో 900 మార్కులకు 200 ఇంగ్లీషువి. బిట్స్ ప్రవేశ పరీక్షలో 130 ప్రశ్నలకు పది ఇంగ్లీషువి. డిగ్రీ అయ్యాక విదేశాలకు వెళ్లాలనుకుంటే ఐఈఎల్‌టీఎస్‌లో గంటసేపు మూడు పెద్ద వ్యాసాలు, 40 ప్రశ్నలు. ఇంటర్‌లో వదిలేసిన పని ఎక్కడో ఒకచోట ఎదురుపడుతుంది. అప్పటికి వయసు ఇరవై రెండు, చేతిలో ఫీజు కట్టిన రసీదు ఉంటాయి.

ఇదే పనిని ఇంటర్ వయసులోనే కట్టుదిట్టంగా చేయించే దేశం చైనా. అక్కడ ఏటా జూన్‌లో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షను గావోకావో అంటారు. సాధారణంగా మొత్తం 750 మార్కుల్లో ఇంగ్లీషుకు 150. ఎక్కువ ప్రావిన్సుల్లో వాడే జాతీయ పేపరులో ఆ 150లో 50 మార్కులు చదివి అర్థం చేసుకునే ప్రశ్నలవే. నాలుగు పేరాలకు 15 ప్రశ్నలుంటాయి. ఐదో పేరాలో ఐదు ఖాళీలు వదిలి, ఏడు వాక్యాలిచ్చి, ఏది ఎక్కడ ఇముడుతుందో చెప్పమంటారు. మొదటి పేరా ప్రకటనో నోటీసో అయి ఉంటుంది, రెండోది ఎక్కువగా ఎవరిదో అనుభవం, మూడోదీ నాలుగోదీ సైన్సు, సమాజం గురించినవి. రాసేవాళ్ల ఇంటి భాషకు ఇంగ్లీషుతో చుట్టరికం లేదు, లిపి కూడా వేరు. తెలుగు పిల్లల ఇబ్బందే వాళ్లదీ. అందుకే వాళ్ల పంతుళ్ల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ఆ పద్ధతిలో ప్రశ్నలు నాలుగే రకాలు: పేరాలో ఉన్న సమాచారం అడిగేవి, ఉన్నదాన్నిబట్టి ఊహించమనేవి, తెలియని మాటకు అర్థం అడిగేవి, మొత్తం సారం అడిగేవి.

ఒక ఉదాహరణ తీసుకుంటే తేడాలు తేటపడతాయి. నాగార్జునకొండ గురించి ఇంగ్లీషులో ఒక పేరా ఇచ్చారనుకుందాం. దాని సంగతి ఇది: 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడొక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించి స్తూపాలు, విహారాలు బయటపెట్టాడు. తర్వాత ఆ లోయ జలాశయంలో మునిగిపోతుందని తేలింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతటా సాల్వేజ్ తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు.

లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు ఎప్పుడు ముగిశాయన్నది సమాచార ప్రశ్న. జవాబు 1931. ఆప్షన్లలో 1926, 1954, 1960 కూడా ఉంటాయి. అవన్నీ పేరాలో ఉన్న అంకెలే కాబట్టి కంటికి తెలిసినవిగానే కనిపిస్తాయి. తొందరలో పోయే మార్కులు ఇక్కడే పోతాయి. అంకె దొరకడం చాలదు, ఆ అంకె ఎవరిదో వాక్యంలో చూసుకోవాలి.

రెండోసారి లోయంతా ఎందుకు తవ్వాల్సి వచ్చిందన్నది ఊహించే ప్రశ్న. 'తొందరగా పూర్తిచేయాలని' అని పేరాలో ఎక్కడా రాసి ఉండదు. మునిగిపోతుందన్న వాక్యాన్నీ, తేదీలనూ పక్కపక్కన పెట్టుకుంటే నీళ్లు రాకముందే పని ముగించాలనుకున్నారని తేలుతుంది. ఊహ అంటే ఇంతే. పేరాలోని రెండు వాక్యాలు కలిపితే వచ్చేదే తప్ప, బయటినుంచి తెచ్చుకునేది కాదు.

సాల్వేజ్ అన్న మాట చాలామందికి తెలియదు. తెలియకపోయినా ముందు మునక ఉంది, తర్వాత తరలింపు ఉంది. మధ్యలోది కాపాడుకునే పనే అవుతుంది. ఇలాంటి ప్రశ్నలో మాటను కాసేపు చేత్తో మూసి, ఆ ఖాళీలో తెలుగులో ఏ మాట పెడితే వాక్యం నిలబడుతుందో చూడటం మంచి ఉపాయం.

పేరాకు పేరు పెట్టమంటే మూడు రకాల తప్పు ఆప్షన్లు వస్తాయి. 'నాగార్జునసాగర్ చరిత్ర' పేరాను దాటిపోయినది. 'బడిపంతులు చూసిన స్తంభం' ఒక్క వాక్యానికే సరిపోయేది. 'ఆంధ్రలో బౌద్ధ తత్వం' పేరాలో లేనిది. 'మునకకు ముందు నాగార్జునకొండ' లాంటిది అన్ని వాక్యాలనూ కప్పుతుంది.

అసలు ఉచ్చు వేరే ఉంది. 'ఆచార్య నాగార్జునుడు ఇక్కడ నివసించాడు' అన్న వాక్యమిచ్చి, పేరా ప్రకారం నిజమా, అబద్ధమా, పేరాలో చెప్పలేదా అని అడిగితే మాచర్ల, గురజాల పిల్లలు నిజం అని పెట్టేస్తారు. చిన్నప్పటి నుంచి విన్న సంగతి అది. పేరాలో ఆ ప్రస్తావనే లేదు, కాబట్టి జవాబు 'చెప్పలేదు'. ఐఈఎల్‌టీఎస్‌లో ఈ మూడు ముక్కల ప్రశ్న తరచుగా వస్తుంది. తెలిసిన విషయం మీద పేరా వస్తే సంతోషపడటం సహజమే కానీ, మిరప గురించో పత్తి గురించో పేరా వచ్చిన రోజున పల్నాడు రైతు ఇంటి పిల్లకే ప్రమాదం ఎక్కువ. పేరాలో ఉన్నదాని కంటే ఆ పిల్లకు ఎక్కువ తెలుసు.

ఇక వాక్యం విషయం. తెలుగులో విశేషణం ఎంత పొడుగున్నా నామవాచకానికి ముందే వస్తుంది, క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో వివరం నామవాచకం తర్వాత వేలాడుతుంది. 'ద స్కూల్‌టీచర్ హూ నోటీస్డ్ ద పిల్లర్ నియర్ ద విలేజ్ రిపోర్టెడ్ ఇట్ టు ద గవర్నమెంట్' అన్న వాక్యంలో విలేజ్, రిపోర్టెడ్ పక్కపక్కన ఉన్నాయి. తొందరగా చదివేవారికి ఊరే ప్రభుత్వానికి తెలియజేసినట్టు అనిపిస్తుంది. తెలియజేసింది బడిపంతులు. హూ దగ్గర మొదలై విలేజ్ దగ్గర ముగిసే ముక్కను పెన్సిల్‌తో బ్రాకెట్లో పెడితే కర్త, క్రియ రెండూ కలుస్తాయి. హూ, విచ్, దట్ కనిపించిన ప్రతిచోటా కొన్ని వారాలు ఇలా చేస్తే తర్వాత బ్రాకెట్ అవసరం ఉండదు. మాటకు మాట తెలుగులోకి మార్చుకుంటూ చదవడం మానాలి, అది పనిని రెట్టింపు చేస్తుంది. వాక్యం పూర్తయ్యాక దాని సారాన్ని తెలుగులో అనుకోవడంలో మాత్రం తప్పేమీ లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు దానికి సిగ్గుపడనక్కర్లేదు.

మాటల పట్టికలు బట్టీ కొట్టించే అలవాటు కోచింగ్ సెంటర్లలో ఎక్కువ. దాని ఫలితం పెట్టిన శ్రమకు తగ్గట్టు ఉండదు. 1920లలో ఢాకాలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ అనే విద్యావేత్త, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం కంటే చదవడమే ముందు అవసరమని వాదించి, కొద్దిపాటి మాటలతోనే నడిచే రీడర్లు తయారుచేశాడు. 1953లో అతని పేరుతో వచ్చిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో ఉన్నవి దాదాపు 2000 మాటలు. తరచుగా వచ్చే అలాంటి మాటలు గట్టిగా వచ్చినవారికి అరుదైన మాట అడ్డుపడటం తక్కువ. వాటిలోనూ ముందు పట్టుకోవాల్సినవి అర్థాన్ని మలుపు తిప్పే చిన్న మాటలు: హౌఎవర్, అన్‌లెస్, ఆల్‌దో, హార్డ్లీ, రాదర్ దాన్. హార్డ్లీ అన్న ఒక్క మాట గమనించకపోతే వాక్యం తలకిందులవుతుంది. ఆప్షన్లలో ఆల్, ఓన్లీ, నెవర్ లాంటివి కనిపిస్తే పేరాలో అంత గట్టిగా అన్నారా అని వెనక్కి వెళ్లి చూడాలి.

సాధనకు రోజూ అరగంట చాలు. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేసేదానికంటే ఇదే మేలు. రెండు పేరాలు గడియారం పెట్టుకుని చేయాలి. తర్వాత గడియారం పక్కన పెట్టి, ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద గీత గీయాలి. గీత గీయలేకపోయిన జవాబు సరైనదే అయినా దాన్ని తప్పుగానే లెక్కవేసుకోవాలి. ఈ రెండో భాగంలోనే చదువు ఉంది, చాలామంది వదిలేసేదీ దీన్నే. కీ చూసుకుని టిక్కులు పెట్టి పుస్తకం మూసేస్తే ఆ రోజు పరీక్ష జరిగినట్టు, సాధన జరగనట్టు. తప్పుల నోట్సులో ప్రతి తప్పు పక్కనా కారణం రాసుకోవాలి: ఆధార వాక్యం దొరకలేదా, దొరికినా వాక్యం తప్పుగా విడిపోయిందా, సొంత జ్ఞానం అడ్డొచ్చిందా. నెల తిరిగేసరికి ఏదో ఒక కారణం మిగతావాటిని మించి కనిపిస్తుంది. ఆ తర్వాతి నెల సాధన దాని మీదే సాగాలి.

ముందు ప్రశ్నలు చదవాలా, పేరానా అన్నది ప్రతి క్లాసులో వచ్చే సందేహం. ఐఈఎల్‌టీఎస్ వ్యాసాలు పొడుగ్గా ఉంటాయి, ప్రశ్నలు ఎక్కువగా సమాచారం అడిగేవి, కాబట్టి అక్కడ ప్రశ్నల మీద ఒక చూపు వేసి మొదలుపెట్టడం లాభమే. క్లాట్ పేరా దాదాపు 450 మాటలుంటుంది, ప్రశ్నలు రచయిత వాదం మీద నడుస్తాయి. అక్కడ పేరానే ముందు పూర్తిగా చదవాలి. ప్రశ్నలు చూసి జవాబు కోసం పేరాలో వెతికేవారికి వాక్యాలు దొరుకుతాయి, వాదం దొరకదు.

చదవడానికి ఖరీదైన మెటీరియల్ అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి హార్న్‌బిల్, పన్నెండో తరగతి ఫ్లెమింగో పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. ది హిందూ సంపాదకీయం రోజూ చదవమని అందరూ చెబుతారు. మొదట్లో అది మింగుడుపడదు. అదే పత్రికలో జిల్లా వార్తలతో మొదలుపెట్టడం నయం. సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలిన వార్త తెలుగు పేపరులో ముందే చదివి ఉంటే, ఇంగ్లీషులో సగం పని అయిపోయినట్టే. సంపాదకీయం కొన్ని నెలల తర్వాత చూసుకోవచ్చు. ఆర్.కె. నారాయణ్ కథల్లో వాక్యాలు పొట్టివి, వాతావరణం మనదే. పాత ప్రశ్నపత్రాలు మాత్రం పరీక్ష పెట్టినవారివే వాడాలి. బజారు గైడ్లలో కీ తప్పులు తక్కువేమీ కాదు.

పరీక్ష హాల్లో ఎటూ తేలని ప్రశ్న వస్తే కళ్లంలో తాలుకాయ ఏరినట్టు చెల్లని ఆప్షన్లను ముందు ఏరేయాలి. సీయూఈటీలో సరైన జవాబుకు 5, తప్పుకు మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా గుర్తుపెట్టినా సగటున అర మార్కు మిగులుతుంది, రెండు ఏరేస్తే సగటు రెండు మార్కులవుతుంది. కాబట్టి అక్కడ ఖాళీ వదలడంలో అర్థం లేదు. క్లాట్‌లో ఒప్పుకు 1, తప్పుకు పావు. గుడ్డిగా పెడితే మిగిలేది దాదాపు శూన్యం, ఒక్కటైనా ఏరేశాకే ముందుకెళ్లాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మైనస్ మార్కులు లేవు, అన్నీ నింపి రావాలి.