చదువబడని పెన్‌డ్రైవు, కొన్నవారి హక్కులు

పెండ్లి ఫొటోలను, వీడియోలను ఒక పెన్‌డ్రైవులో నింపి స్టూడియోవారు చేతికిచ్చుటయు, ఇంటివారు దానిని నగలతోబాటు బీరువాలో భద్రపరచుటయు నేడు సర్వసాధారణమైనది. ఏడాది తిరుగకమునుపే దానిని కంప్యూటరునకు తగిలించినపుడు, బొమ్మలకు మారుగా “ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయుదురా?” అను ప్రశ్న తెరపై కనబడినచో, ఆ క్షణమున గృహస్థుడు ఏమి చేయుననుదానిపైననే ఆ జ్ఞాపకముల భవితవ్యమును, న్యాయస్థానము నెదుట అతని పక్షపు బలమును ఆధారపడియుండును. ఆ ప్రశ్నకు ఎంతమాత్రము సమ్మతింపరాదు. సమ్మతించినచో ఫైళ్ల జాబితా తుడిచిపెట్టుకొనిపోవుటయే గాక, లోపమెట్టిదో తెలుపగల సాక్ష్యమును సైతము చేజేతుల చెరుపుకొన్నవారమగుదుము. ముందు ఆ తెరను ఫోనుతో ఫొటో తీసి, తేదీతోగూడ దాచుకొనవలయును.

పిమ్మట నిర్దోషములైన కారణములను తొలగించి చూడవలెను. హబ్బు లేకుండ, కంప్యూటరు వెనుకనున్న పోర్టునకే తగిలించి చూచుట, మరియొక కంప్యూటరులో పరీక్షించుట మొదటి పనులు. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఫార్మాటు చేసిన డ్రైవును విండోస్ గుర్తింపకపోవచ్చును. అది వస్తువు దోషము కాదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవు తన పూర్తి పరిమాణముతో కనబడుచుండియు, దానికి E:, F: వంటి డ్రైవు అక్షరము లేకపోయినచో, అక్షరము కేటాయించినంతనే తెరచుకొనుట కలదు. పరిమాణము సరిగానుండియు ఫైళ్లు కానరానిచో టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వంటి ఉచిత సాధనములతో ప్రయత్నింపవచ్చును గాని, వెలికివచ్చిన ఫైళ్లను అదే పెన్‌డ్రైవులో దాచరాదు.

ఇంతకన్న ఘోరమైన మోసమొకటి కలదు. పైన ఒక టెరాబైటని ముద్రించి, లోపల కొద్ది గిగాబైట్ల చిప్పునుంచి, కంప్యూటరునకు అబద్ధపు పరిమాణము చెప్పునట్లు కంట్రోలరును మార్చి అమ్ముచున్నారు. ఎక్కించునపుడు అన్నియు ఎక్కినట్లే కనబడును. తెరువబోయినపుడే పెక్కు ఫైళ్లు తెరచుకొనవు. ఇది కేవలము వస్తులోపము కాదు; అసత్యప్రకటనతో కూడిన అనుచిత వ్యాపార పద్ధతి.

2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. బిల్లు ఇయ్యకుండుటయు, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనపుడు ముప్పది దినములలోను వాపసు తీసికొని సొమ్ము తిరిగి ఇయ్య నిరాకరించుటయు అనుచిత వ్యాపార పద్ధతులే. కావున “అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు” అని బిల్లు అడుగున అచ్చువేసికొన్నంతమాత్రమున దుకాణదారునకు రక్షణ లభింపదు. అయితే తయారీదారుల వారంటీ సాధారణముగా డ్రైవునకు మారుగా డ్రైవునిచ్చుటతో సరి. అందలి సమాచారమునకు వారు బాధ్యత వహింపరు. స్టూడియో విషయము వేరు. అక్కడ మనము కొన్నది పెన్‌డ్రైవును కాదు, సేవను. అప్పగించిననాడే అది చదువబడనిచో సేవాలోపము స్పష్టము. బాగుగా చూచుకొని తీసికొని, ఏడాది పిమ్మట అది చెడినపుడు మాత్రము స్టూడియోపై లోపము నిరూపించుట కష్టసాధ్యము. అందువలన వారి ఎదుటనే తెరచి చూచి, అసలు ఫైళ్లను ఎంతకాలము దాచియుంచెదరో కాగితముమీద వ్రాయించుకొనుట మేలు.

ముందుగా అమ్మినవారికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఆన్‌లైనులో కొన్నచో ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెనని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు చెప్పుచున్నవి. అప్పటికిని ఫలితము లేనిచో 1915 అను జాతీయ సహాయవాణికి ఫోను చేయవచ్చును. లేదా కొన్న ఊరితో నిమిత్తము లేకుండ, తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన మూల్యము అయిదు లక్షలు మించనపుడు రుసుము లేదు. వకీలు లేకుండ స్వయముగా వాదించుకొనవచ్చును. లోపము పరీక్షవలన గాని తేలనిదైనచో, వస్తువును ప్రయోగశాలకు పంపు అధికారము కమిషన్‌కు కలదు. ఆ పరీక్ష రుసుమును ఫిర్యాదుదారు ముందుగా కట్టవలసియుండును. బిల్లు విషయమున ఒక జాగ్రత్త: దుకాణములలో యంత్రము ముద్రించి యిచ్చు నున్నని కాగితముపై అక్షరములు కొన్ని నెలలకే వెలసిపోవును. కొన్ననాడే దానికి జిరాక్సు తీయించుకొనవలెను.

మరమ్మతునకిచ్చునపుడు రశీదుపై డ్రైవు కంపెనీ, పరిమాణము, సీరియల్ నంబరు, “ఫైళ్లను వెలికితీయుటకు మాత్రమే” అను మాట వ్రాయించుకొనవలయును. కుటుంబస్త్రీల ఫొటోలు పరుల కంప్యూటరులో మిగిలిపోవునను భయము అకారణమైనది కాదు. యజమాని అనుమతి లేకుండ సమాచారమును నకలు చేసికొనినచో, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను క్రింద నష్టపరిహారము కోరుచు రాష్ట్ర న్యాయనిర్ణయాధికారికి ఫిర్యాదు చేయు హక్కు బాధితులకు కలదు.