పుట్టగొడుగు శిలలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిమి భాగమున కాన్సాసు అను రాష్ట్రము కలదు. అందు ఎల్స్‌వర్తు ప్రాంతమున, పల్లెబాట ప్రక్కను, మష్రూమ్ రాక్ అను చిన్న ప్రభుత్వోద్యానమున్నది. దీని విస్తీర్ణము 5 ఎకరములు మాత్రమే. ఇందు చూడవలసినవి పూలమొక్కలు కావు. పుట్టగొడుగులవలె నిలిచిన రాళ్లు. వానిలో పెద్దదాని తల 27 అడుగుల వ్యాసము గలది.

ఈ రాళ్లకట్టి రూపమెట్లు కలిగెను? సుమారు 10 కోట్ల సంవత్సరములకు పూర్వమచ్చట సముద్రతీరముండెను. నదులును అలలును తెచ్చిన యిసుక పొరలుపొరలుగా పేరుకొని రాయి యయ్యెను. ఆ పొరలలో నూరిన నీరు, తనయందు కరగియున్న సున్నపు పదార్థమును కొన్నిచోట్ల నిసుక రేణువుల నడుమ విడిచెను. గోడయందు సున్నము ఇటుకలను బంధించునట్లే యది రేణువులను గట్టిగా బంధించెను. తక్కినచోట్ల రాయి మెత్తగానే యుండెను. పిమ్మట వానయు గాలియు మెత్తని భాగమును త్వరగా నరుగదీసినవి. గట్టి భాగము తలగా నిలిచెను. దాని క్రింది మెత్తని రాయి సన్నగిలి కాడ యయ్యెను.

బాలబాలికలారా! దీనిని మీరును పరీక్షింపవచ్చును. మట్టికుప్పపై చిన్న పలుగురాళ్లనుంచి, పూలకుండీల కుపయోగించు జల్లుడు చెంబుతో మెల్లగా నీరు చల్లుడు. చుట్టునున్న మట్టి కొట్టుకొనిపోవును. రాతిక్రింది మట్టి చిన్న స్తంభమువలె నిలుచును. పెద్దవాన వెలిసిన పిదప పొలముగట్లపై నిట్టివి తరచుగా గానవచ్చును.

ఈ యుద్యానము చుట్టునున్న సీమకు స్మోకీ హిల్సని పేరు. గోధుమ చేలును, పశువులు మేయు పచ్చిక బయళ్లును అచ్చటి సంపద. 1870 తరువాత కొన్నియేండ్లు టెక్ససునుండి తోలుకొనివచ్చిన పశువుల మందలు ఎల్స్‌వర్తు పట్టణమున రైలెక్కుచుండెను. 1874వ సంవత్సరమున రష్యానుండి వలసవచ్చిన మెన్నొనైటు రైతులు కాన్సాసున శీతకాలపు గోధుమను విత్తిరి. 1948లో స్మోకీ హిల్ నదిపై కానోపొలిస్ ఆనకట్ట పూర్తియయ్యెను.

ఇంతకాలము నిలిచిన యీ శిలలకు మనుష్యుని చేతివలన హాని కలుగుచున్నది. రాయి మెత్తనిదగుటచే చూడవచ్చినవారు కొందరు కత్తితో తమ పేరులను చెక్కిరి. అట్లు గీసిన గీతలలో నీరు నిలిచి, శీతకాలమున గడ్డకట్టి, రాతిని విచ్చదీయును. కాడ విరిగినచో తల నేలకూలును. దానిని మరల నిలుపగల శిల్పి యెవడును లేడు. మన యూరి గుట్టలయందలి రాళ్లకును ఈ మాట వర్తించును. వానిని కన్నులతో చదువుడు, కత్తితో వ్రాయకుడు.