పరదేశపు రూక

చీరాలకు సమీపమున, సముద్రపుటొడ్డున, వాడరేవు అను గ్రామము కలదు. ఓడను వాడ యనుట మన తీరమున వాడుక. ఓడలు నిలుచు తావు గనుక ఊరికి ఆ పేరు వచ్చినది. నేడు అచటికి పెద్ద ఓడలు రావు. తెల్లవారుజామున చేపలపడవలు ఒడ్డు చేరును. రాత్రులందు దీపస్తంభము వెలుగుచుండును. సెలవుదినములలో చీరాల నుండియు గుంటూరు నుండియు జనులు సముద్రస్నానమునకు వత్తురు. ఇసుక వెంట నైరుతి దిక్కుగా పోయినచో కొలది క్రోసుల దూరమున మోటుపల్లి వచ్చును. కాకతీయుల కాలమున తూర్పుతీరమునందలి గొప్ప రేవులలో అది యొకటి. పదుమూడవ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడైన మార్కోపోలో దానిని ‘ముత్ఫిలి’ యని పేర్కొని, అచటి వజ్రములను, సాలెగూటి దారములవలె నుండు సన్నని వస్త్రములను మెచ్చుకొనెను.

ఆ కాలమున దూరదేశపు వర్తకుడొకడు మోటుపల్లి ఇసుకపై కాలు మోపినాడనుకొందము. అతని సంచిలో స్వదేశపు నాణెములున్నవి. వానిపైనున్న లిపిని ఇచట చదువగలవారు లేరు. వానిపైనున్న రాజు ముఖము నెరిగినవారు లేరు. అతడు రాత్రికి బస సంపాదింపవలెను. కూలివానికి కూలి ఇయ్యవలెను. రేవులో సుంకము చెల్లింపవలెను. దేనితో చెల్లించును?

సుంకము సంగతి శాసనమే చెప్పుచున్నది. 1244వ సంవత్సరమున కాకతి గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు తుపానులో చిక్కి ఒడ్డున బడి పగిలిన ఓడలలోని సొత్తునంతయు బలాత్కారముగా లాగుకొనుచుండిరనియు, తాము దయతో ఆ యాచారమును మాని, నియమితమైన సుంకము మాత్రమే గైకొందుమనియు దాని సారాంశము. ఎగుమతి దిగుమతి సరకులపై ముప్పదింట ఒక వంతు సుంకము. కొన్ని సరకులకు వేరుగా రేట్లు కలవు; శ్రీగంధము తులామునకు ఒక గద్యాణమును పావు పణమును చెల్లింపవలెను. గద్యాణము, పణము అనునవి ఈ దేశపు నాణెములని గమనింపుడు. వచ్చినవాడు ఏ ద్వీపమువాడైనను లెక్క మాత్రము ఇచటి రూకలలోనే. ఓడకు అభయమిచ్చిన చక్రవర్తి కూడ పరదేశపు నాణెమునకు అభయమిచ్చినట్లు అందు కనబడదు.

కావున ఆ వర్తకుడు మొదట సరాబు అంగడికి పోవలసినదే. సరాబు నాణెముపైనున్న ముఖమును చూచి మురియడు. ఒరగల్లుపై గీచి మచ్చము చూచును, త్రాసులో తూచును, తన వట్టము పట్టుకొని తక్కినదానికి గద్యాణములు లెక్కించి యిచ్చును. బంగారము ఎచటనైనను బంగారమే గనుక వర్తకునకు పోవునది వట్టము మాత్రమే. అంతకు వేయేండ్లకు పూర్వము కూడ ఇట్లే జరిగినది. విసువియసు అగ్నిపర్వతము ప్రేలిన కాలమున జీవించిన రోమను పండితుడు ప్లినీ, తమ సామ్రాజ్యపు ధనము ఏటేట ఇండియాకు పోవుచున్నదని విలపించెను. ఆ బంగారు నాణెములు మన వినుకొండలోను నాగార్జునకొండలోను భూమిలో దొరికినవి. మన దేశమున దొరికిన రోమను నాణెములలో కొన్నిటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు కనబడును. లోపల రాగి యున్నదేమో పరీక్షించుటకని కొందరును, పరరాజు నాణెముగా చెల్లకుండుటకని మరికొందరును చెప్పుదురు. ఎట్లైనను, ఆ గాటు వలన బంగారము విలువ తరుగలేదు.

కాగితపు నోటు వచ్చిన పిమ్మట కథ మారినది. నోటును ఒరగల్లుపై గీచి ప్రయోజనము లేదు. దాని విలువ కాగితములో లేదు. దానిని వేసిన ప్రభుత్వపు మాటలో ఉన్నది. ఆ మాట ఎంతదూరము చెల్లునో నోటును అంతదూరమే చెల్లును.

దీనిని తెలిసికొనుటకు మన పెద్దలు సముద్రము దాటనక్కరలేకపోయెను. కృష్ణానది దాటిన చాలును. పల్నాటి సీమకు ఆవలి యొడ్డున నైజాము రాజ్యముండెను. అచట హాలీ సిక్కా అను వేరు నాణెము చెలామణి యగుచుండెను. ఇవతలి రూపాయిని కల్దారు రూపాయి యనుచుండిరి. నూరు కల్దారు రూపాయలకు నూటపదునారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు మారకము. అనగా ఆరింటికి ఏడు. తెలుగు మాట ఒకటే, పొలములోని జొన్న ఒకటే. రూపాయి మాత్రము రెండు. లెక్క తెలియని రైతు ఆవలి సంతలో ఎడ్లు కొనబోయి, హాలీలో చెప్పిన ధరకు కల్దారులో సొమ్మిచ్చినచో, ప్రతి ఏడు రూపాయలకు ఒక రూపాయి ఊరకే పోగొట్టుకొనినట్లే. 1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిదప, 1950 నుండి భారత రూపాయి అచటను చెల్లినది. హాలీ సిక్కా క్రమముగా తొలగి 1959 నాటికి అంతరించెను.

అంతకంటె కఠినమైన పాఠము బర్మాలో నేర్చిరి. ఇంగ్లీషువారి కాలమున మన తీరపు తెలుగువారు వేలకొలదిగా రంగూనుకు పోయి, రేవులలోను ధాన్యపు మిల్లులలోను పనిచేసిరి. 1942లో జపాను సేనలు బర్మాను పట్టుకొనెను. వారు తమ రూపాయినోట్లను అచ్చొత్తించి వాడుకలో పెట్టిరి. కూలి ఆ నోట్లలోనే, బియ్యము ఆ నోట్లతోనే. 1945లో జపానువారు ఓడిపోయి, ఇంగ్లీషువారు మరల వచ్చినపుడు ఆ నోట్లు చెల్లవని ప్రకటించిరి. మూడేండ్లు బస్తాలు మోసి పెట్టెలో దాచుకొన్న సొమ్ము ఒక్క ప్రకటనతో చిత్తుకాగితమయ్యెను. దానిని మార్చుటకు ఏ సరాబును లేడు. ఏ దేశపు రొక్కమును ఎంతకాలము చేత నుంచుకొనవలెనను ప్రశ్న, లాభనష్టముల లెక్క మాత్రమే కాదని దీనివలన తెలియును.

మన రూపాయికి గౌరవము చెల్లిన పరదేశమును కలదు. చీరాల నేతగాండ్రు నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశములకు విరివిగా ఎగుమతి యయ్యెడివి. ఆ దేశములలో పెక్కింట చాలకాలము భారత రూపాయియే చెలామణిలో నుండెను. కువైటు అంగడిలో బొంబాయి అంగడిలో వలెనే రూపాయి యిచ్చి సరకు కొనవచ్చును. కాని దొంగబంగారము వ్యాపారులు ఆ దారిన రూపాయలను తరలింపసాగిరి. అందుచేత 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతములకు మాత్రమే చెల్లునట్టి వేరు రంగుల నోట్లను జారీ చేసెను. మక్కా యాత్రికులకు హజ్ నోట్లు వేరుగా నుండెను. 1961లో కువైటు తన దినారును ప్రవేశపెట్టెను. 1966 జూను 6వ తేదీన మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించెను. 4 రూపాయల 76 పైసలకు వచ్చుచుండిన డాలరు ఏడున్నర రూపాయలయ్యెను. అప్పటికి ఇంకను రూపాయిని వాడుచుండిన గల్ఫు దేశములలో పెక్కు, దానిని విడిచి తమ తమ నాణెములను ఏర్పరచుకొనెను.

నేడు చీరాల నుండి పరదేశమునకు పోవు మనుష్యుని ఎదుటనున్న ప్రశ్న మోటుపల్లి వర్తకుని ప్రశ్నయే. ఇంటివద్దనే ఆ దేశపు సొమ్ము కొనుక్కొని పోవలెనా? ఎచటనైనను మారుననుచు డాలర్లు పట్టుకొని పోయి అచట మార్చుకొనవలెనా?

మారకపు అంగడిలో పలకపై ప్రతి దేశపు నాణెమునకును రెండు ధరలుండును. వారు మనకు అమ్ము ధర యొకటి, మననుండి కొను ధర యొకటి. ఈ రెంటి నడిమి సందే నేటి వట్టము. ‘మావద్ద కమీషను లేదు’ అని పెద్ద అక్షరములతో వ్రాసిన అంగడిలోను ఆ సందు ఉండనే యుండును. ఒక్కొక్కచోట అదియే మిక్కిలి వెడల్పుగా నుండును! మార్చిన ప్రతిసారియు నూటికి మూడు వంతులు పోవుననుకొందము. 50,000 రూపాయలు ఒకసారి మార్చినచో 48,500 విలువ మిగులును. దానిని మరల ఇంకొక నాణెముగా మార్చినచో 1,455 పోయి 47,045 మిగులును. ఖర్చు కాని సొమ్మును తిరిగివచ్చి రూపాయలుగా మార్చినపుడు మూడవ వట్టము.

ఇది చూచి, డాలరు మార్గము ఎల్లప్పుడును నష్టమేయని తీర్మానింపరాదు. మన ఊళ్ల అంగళ్లలో డాలర్లకు గిరాకి హెచ్చు గనుక వాని సందు ఇరుకుగా నుండును. థాయిలాండు బాట్‌ను అడుగువారు అరుదు గనుక దాని సందు వెడల్పు. ఇచట బాట్ ఒక్కింటికి 2 రూపాయల 90 పైసలు అడిగిరనుకొందము. డాలరు 88 రూపాయలకు ఇచ్చిరనియు, బ్యాంకాకులో ఆ డాలరుకు 32 బాట్‌లు వచ్చుననియు అనుకొందము. 88ని 32చే భాగించిన 2 రూపాయల 75 పైసలు. రెండుసార్లు మార్చినను బాట్‌కు 15 పైసలు కలిసివచ్చినవి. పదివేల బాట్‌లకు 1,500 రూపాయలు. అంకెలు ఊహించినవే యైనను లెక్క పద్ధతి ఇదియే. చివరకు చేతికి వచ్చు ఒక్కొక్క నాణెమునకు ఎన్ని రూపాయలు పడినవో చూడవలెను గాని, ఎన్నిసార్లు మార్చితిమని కాదు. మీ లెక్కల పుస్తకములోని భాగహారమునకు ఇంతకంటె మంచి ఉపయోగము నాకు తోచదు.

డాలర్లను మార్చకయే అంగడిలో ఇచ్చిన నేమి? కంబోడియాలో అది సాధ్యము. అచట రియల్‌తో పాటు డాలరును విరివిగా చెల్లును. చిల్లర మాత్రము రియల్‌లలో వచ్చును. ఈక్వెడారు 2000లో తన నాణెమును మాని డాలరునే స్వీకరించెను. నేపాలులో మన నూరు రూపాయలకు 1993 నుండి 160 నేపాలీ రూపాయలుగా మారకము నిలిపియున్నారు. తక్కిన పెక్కు దేశములలో అంగడివాడు పరదేశపు నోటును పుచ్చుకొనవలెనను నిర్బంధము లేదు. పుచ్చుకొన్నను, ధర అతడు చెప్పినదే. తొందరలో నున్న బాటసారికి అతడు చెప్పు ధర ఎట్లుండునో ఊహింపవచ్చును. ఆటోకు, బస్సుకు, రొట్టెకు ఆ దేశపు చిన్న నోట్లు కొంచెమైన చేత నుండుట అందుచేతనే అవసరము. విమానాశ్రయములలో మారకపు ధర సాధారణముగా అన్యాయముగా నుండును. మొదటి పూటకు చాలునంత మాత్రము అచట మార్చుకొని, తక్కినది ఊరిలో మార్చుకొనుట లోకజ్ఞుల పద్ధతి.

నోటు పుట్టుకను బట్టియే గాక రూపమును బట్టియు తిరస్కృతి కలదు. మడతపడి చిరిగిన డాలరును, సిరా గీత పడిన డాలరును పెక్కుచోట్ల పుచ్చుకొనరు. కొన్ని దేశములలో నూరు డాలర్ల నోటుకు ఇచ్చు ధర ఐదు డాలర్ల నోటుకు ఇయ్యరు. రోమను నాణెమునకు ఉలిగాటు పడినను విలువ పోలేదు. నేడు కలపు గీతకే పోవుచున్నది.

రొక్కమంతయు నడుమున కట్టుకొని పోవుట మంచిది కాదు, పోయినచో దొరకదు. మన దేశపు నియమముల ప్రకారము సాధారణముగా ఒక ప్రయాణమునకు 3,000 డాలర్ల విలువకు మించిన విదేశీ నోట్లను పట్టుకొని పోరాదు. తక్కినది కార్డు రూపమున నుండవలెను. ఈ హద్దులు అప్పుడప్పుడు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు బ్యాంకులో విచారించుట మేలు. కార్డులోను ఒక గడుసుదనము కలదు. పరదేశపు అంగడిలో యంత్రము, ‘మీ దేశపు రూపాయలలో చెల్లింతురా, మా నాణెములో చెల్లింతురా’ అని అడుగును. రూపాయి అన్న మాట చూడగానే ప్రాణము లేచివచ్చి, దానినే నొక్కుదుము. అట్లు నొక్కినచో మారకపు ధరను నిర్ణయించువారు అచటి అంగడి పక్షమువారు. అది తరచుగా మన బ్యాంకు ధరకంటె హెచ్చుగా నుండును. అచటి నాణెమునే ఎంచుకొనవలెను.

విహారమునకు పోవువానికి ఇవి వందల లెక్క. కూలికి పోవువానికి ఇవి దినముల లెక్క. గల్ఫు దేశమున నెలంతయు ఎండలో పనిచేసి ఇంటికి సొమ్ము పంపువాడు, ఒక అంగడిలో రుసుము తక్కువని సంతోషించి మారకపు ధర చూడకపోయినచో, పోవునది అతని ఒకటి రెండు దినముల కష్టము. రుసుము పోగా ఇంటిలో ఎన్ని రూపాయలు చేతికి ముట్టునని అడుగుటయే సరియైన ప్రశ్న. తన దేశపు నోట్లను అచట ఎక్కువకాలము దాచుకొనుటయు ప్రమాదమే. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దు కాగా, తిరుగు ప్రయాణమునకని పెట్టె అడుగున వానిని ఉంచుకొన్న ప్రవాసులు, స్వదేశమునకు వచ్చి గడువులోగా రిజర్వు బ్యాంకులో ఇచ్చుకొనవలసివచ్చెను. రాలేనివారి నోట్లు పెట్టెలోనే మిగిలినవి.

ఇక చిల్లర నాణెముల మాట. ఏ మారకపు అంగడియు సాధారణముగా నోట్లనే గాని నాణెములను తిరిగి పుచ్చుకొనదు. అందుచేత అనుభవజ్ఞులు చివరిదినమున నాణెములన్నిటిని ఏరి, టీకో బస్సుకో చెల్లించి వత్తురు. మరచినవారి ఇండ్లలో అవి సొరుగులలో పడియుండును. వాడరేవులో పిల్లలు బచ్చాలాడునపుడు గవ్వలతో పాటు ఒక సింగపూరు నాణెమో, దుబాయి నాణెమో కనబడుట వింత గాదు. మోటుపల్లి సరాబైనచో దానిని త్రాసులో వేసి, ఇంత లోహమునకు ఇంత యని వెల కట్టియుండెడివాడు.