లైన్‌మన్ ఇంజినీరు కావాలంటే

తిరుమలాయపాలెం పొలాల్లో లైను తెగినా, ఫ్యూజు పోయినా రైతు ముందు పిలిచేది లైన్‌మన్‌నే. పదో తరగతి, వైర్‌మన్ లేదా ఎలక్ట్రీషియన్ ఐటీఐ ఉంటే ఆ ఉద్యోగానికి అర్హత ఉన్నట్టే. సబ్ ఇంజినీరు పోస్టుకు నేరుగా పోటీ పడాలంటే డిప్లొమా కావాలి, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కు ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. అందుకే ముందుగా, చేరుకోవాలనుకున్న పోస్టు పాత నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చదవండి.

ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో చదవొచ్చు కదా అనిపిస్తుంది. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీఏ, బీకాం డిగ్రీలు గ్రూప్స్ పరీక్షలకు అక్కరకొస్తాయి. ఏఈ పోస్టుకు పనికిరావు. దూరవిద్య బీటెక్ ఇస్తామనేవాళ్లకు ఒక్క రూపాయీ కట్టకండి. అలా ఇచ్చిన కొన్ని డీమ్డ్ వర్సిటీల డిగ్రీలపై 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. అప్పటికే వాటిని నమ్ముకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఎంత నలిగిపోయారో!

సరైన దారి పొడవైనదే. రెండేళ్ల ఐటీఐ వాళ్లు ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో సీటు. ఉద్యోగం వదల్లేనివాళ్లు, ఏఐసీటీఈ అనుమతితో వర్కింగ్ ప్రొఫెషనల్స్‌కు సాయంత్రం తరగతులు నడిపే కాలేజీలను వెతకాలి. దానికి కనీసం ఏడాది అనుభవం అడుగుతారు.

అసలు కష్టం లెక్కలతో. ఈసెట్‌లో 200 మార్కులకు 50 లెక్కలవే. ఐటీఐ లెక్కలు వర్క్‌షాప్ అవసరాల దగ్గరే ఆగిపోతాయి. భయపడి వదిలేయకండి, తెలిసిన పని దగ్గర మొదలుపెట్టండి. మోటారుకు కెపాసిటర్ కలిపితే లైను వైపు ఆంపియర్లు తగ్గడం టాంగ్ టెస్టర్‌లో చూసే ఉంటారు. కరెంటు వోల్టేజీ కన్నా ఎంత వెనకబడిందో ఆ కోణాన్ని కెపాసిటర్ తగ్గిస్తుంది; ఆ కోణం కొసైనే పవర్ ఫ్యాక్టర్. ఆ కోణాన్ని కాగితం మీద పెట్టేవే సంకీర్ణ సంఖ్యలు. ఇక్కడ పట్టు దొరికితే త్రికోణమితి, మాత్రికలు లొంగుతాయి. కలనానికి మాత్రం రోజూ కూర్చోవాల్సిందే.

చేరకముందే శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి, నోటిమాట చాలదు. పట్టా వచ్చాక సర్వీసు రిజిస్టరులో ఎక్కించమని అర్జీ ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.