విమానం దిగాక టాక్సీయా, రైలా?

సందేహాలు - సమాధానాలు

పెద్దవాళ్లను విమానం ఎక్కించేవరకు ఇంటిల్లిపాదీ హడావుడి పడతాం. దిగిన తర్వాత ఊళ్లోకి ఎలా వెళ్లాలన్నది మాత్రం చివరి రోజున గుర్తొస్తుంది. ఈసారి ఆ విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబులు.

సందేహం: అమ్మకు 68, నాన్నకు 74. అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులే. వచ్చే నెల హరిద్వార్ వెళుతున్నారు. ఢిల్లీలో మూడో టెర్మినల్‌లో దిగి, న్యూఢిల్లీ స్టేషన్‌లో మధ్యాహ్నం డెహ్రాడూన్ జనశతాబ్ది ఎక్కాలి. మెట్రో అయితే ఇరవై నిమిషాల్లో వెళ్లిపోతారు, టాక్సీ ఎక్కితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారని తమ్ముడు అంటున్నాడు. విమానాశ్రయంలో వీల్‌చైర్ అడిగాం. ఏది మంచిది?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ తమ్ముడి మాటలో అబద్ధం లేదు. 2011 నుంచి నడుస్తున్న ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను మంచి సదుపాయం. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, బోగీల్లో పెట్టెలు పెట్టుకునే చోటుంది. అయినా మీ అమ్మగారికి నేను టాక్సీయే చెబుతాను. ఆ ఇరవై నిమిషాలు రైల్లో కూర్చున్న సమయం మాత్రమే. దానికి ముందూ వెనకా ఉన్నదంతా నడక, మోత.

టెర్మినల్ నుంచి మెట్రో స్టేషన్‌కు నడవాలి. లోపలికి వెళ్లేటప్పుడు పెట్టెను తనిఖీ యంత్రం బెల్టు మీదికి ఎత్తాలి, అవతల దించాలి. న్యూఢిల్లీలో దిగాక లిఫ్టు వెతుక్కుని పైకి రావాలి, రైల్వే స్టేషన్‌లోకి వెళ్లాలి, అక్కడ మళ్లీ అదే తనిఖీ. ఆ తర్వాత వంతెన ఎక్కి ప్లాట్‌ఫాం చేరాలి. వెనక నుంచి జనం తోసుకొస్తుంటే ఇరవై కిలోల పెట్టెను నడుం ఎత్తుకు లేపడం 74 ఏళ్ల మనిషి చేయాల్సిన పని కాదు. వీల్‌చైర్ తోసే సహాయకుడు సాధారణంగా టెర్మినల్ బయట, బండి ఎక్కే చోట వదిలి వెళ్లిపోతాడు. మెట్రో ప్లాట్‌ఫాం దాకా వస్తాడన్న భరోసా పెట్టుకోకండి. మెట్రో సిబ్బందిని అడిగితే వాళ్ల వీల్‌చైర్ ఇస్తారు కానీ, ఒక కుర్చీ దిగి ఇంకో కుర్చీ వచ్చేదాకా నిలబడాల్సింది అమ్మగారే.

టాక్సీలో ఈ బాధ లేదు. ట్రాలీ మీది పెట్టెలను డ్రైవరు డిక్కీలో పెడతాడు. స్టేషన్ దగ్గర కూలీ వాటిని తీసుకుని తనిఖీ దాటించి, బోగీలో మీ సీటు దాకా తెచ్చిపెడతాడు. దారి పొడవునా మీ నాన్నగారు పెట్టె ముట్టుకోవాల్సిన అవసరం రాదు. కూలీతో బేరం ముందే కుదుర్చుకోమనండి, అతని బిళ్ల మీది నంబరు గుర్తుపెట్టుకోమనండి.

ట్రాఫిక్ మాట నిజమే. దూరం పదిహేను, పదహారు కిలోమీటర్లే అయినా ధౌలా కువాఁ దగ్గర బండ్లు ఆగితే గంట దాటుతుంది. దానికి మందు సమయమే. విమానం దిగడానికీ రైలు బయల్దేరడానికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండేలా టికెట్ తీయండి. తొందర లేకపోతే ట్రాఫిక్ భయమూ ఉండదు.

న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులా ద్వారాలున్నాయి. పహాడ్‌గంజ్ వైపు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం, అజ్మేరీ గేట్ వైపు పదహారో నంబరు. రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ఫోన్లో చూసి, దానికి దగ్గరి వైపు దించమని డ్రైవరుకు చెప్పాలి. ఇది మరచిపోతే వంతెన మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడక తప్పదు. టికెట్ మీద స్టేషన్ పేరు కూడా ఇంకోసారి చదవండి. డెహ్రాడూన్ వందేభారత్ బయల్దేరేది ఆనంద్ విహార్ నుంచి, అది నగరానికి మరో కొస. దక్షిణాది రైళ్లు కొన్ని నిజాముద్దీన్‌లో ఆగుతాయి. ఢిల్లీ అని మాత్రమే చెబితే టాక్సీ అతను ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రీపెయిడ్ టాక్సీ తీసుకుంటే కౌంటర్లో ఇచ్చిన చీటీని గమ్యం చేరి, సామాను దించుకున్నాకే డ్రైవరు చేతికివ్వాలి. ముందే అడిగినా ఇవ్వొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. యాప్ క్యాబ్ అయితే మీరు ఖమ్మంలో కూర్చునే బుక్ చేసి ఓటీపీ చెప్పొచ్చు. కానీ ఆ బండ్లు ఆగే చోటు వెతుక్కుంటూ వాళ్లిద్దరూ నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ప్రీపెయిడే నయం.

టికెట్లు ఇంకా తీయకపోతే మరో మాట. డెహ్రాడూన్ విమానాశ్రయం జాలీ గ్రాంట్ నుంచి హరిద్వార్ దాదాపు 35 కిలోమీటర్లు. అక్కడిదాకా విమానంలో వెళ్లి టాక్సీ ఎక్కితే ఢిల్లీ నగరంలోకి వచ్చే పనే ఉండదు. ఖర్చు కొంత పెరుగుతుంది. మీ అమ్మగారి పరిస్థితిలో ఆ డబ్బు పెట్టడం సమంజసమే.

సందేహం: మేమిద్దరం అరవై అయిదు దాటినవాళ్లం. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాం. పుణెలో అమ్మాయి దగ్గర్నుంచి సాయంత్రం చెన్నైలో దిగి, సెంట్రల్‌లో రాత్రి రైలుకు నెల్లూరు వస్తాం. చెరో చక్రాల పెట్టె, ఒక చేతిసంచి. మెట్రో ఎక్కమంటారా?
- ఓ పాఠకుడు, నెల్లూరు

సమాధానం: హాయిగా ఎక్కండి. మీలాంటి వారికి చెన్నైలో మెట్రోయే నా ఓటు. టెర్మినళ్ల నుంచి మెట్రో స్టేషన్‌కు ఆకాశ వంతెన ఉంది, దాని మీద నిలబడితే చాలు ముందుకు తీసుకుపోయే కదిలే బాటలున్నాయి. విమ్కో నగర్ వైపు వెళ్లే నీలం లైను రైలెక్కితే మారాల్సిన పని లేకుండా సుమారు 40 నిమిషాల్లో సెంట్రల్‌లో దిగుతారు. అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌లోకి సబ్‌వే ఉంది. సాయంత్రం పూట గిండీ, అన్నా సాలై మీదుగా కారులో వచ్చేవారి అవస్థ చూస్తే ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

అయితే మీ రైలు సెంట్రల్ నుంచేనా, ఎగ్మోర్ నుంచా చూసుకోండి. తెలుగు నేల మీదికి వచ్చే రైళ్లు ఎగ్మోర్ మీదుగానూ ఉన్నాయి. ఎగ్మోర్ అయితే దారిలో లైను మారాలి. రాత్రి పదకొండు తర్వాత దిగేలా ఉంటే మెట్రో ఆలోచన మానుకోండి. కంటి ఆపరేషనో, గుండె చికిత్సో చేయించుకుని వస్తున్నవారు మాత్రం మెట్రో వైపు చూడొద్దు. వాళ్లు విమానాశ్రయం నుంచే కారు మాట్లాడుకుని తిన్నగా నెల్లూరు వెళ్లిపోవడం ఉత్తమం.

సందేహం: అత్తమామలు దుబాయ్ నుంచి రాత్రి మూడు గంటలకు శంషాబాద్‌లో దిగుతారు. సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేట రావాలి. విమానాశ్రయం దగ్గర ఎంఎంటీఎస్ స్టేషన్ ఉందని విన్నాను. అక్కడ ఎక్కించవచ్చా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: వద్దమ్మా. మీరు విన్నది ఉందానగర్ స్టేషన్. అది టెర్మినల్ పక్కన లేదు, కొన్ని కిలోమీటర్ల దూరం. ఎలాగూ అక్కడికి బండి కట్టించుకోవాలి, అర్ధరాత్రి దాటాక రైలూ ఉండదు. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైనా ఇప్పటికీ లోపలికి రైలు గానీ మెట్రో గానీ రాలేదు. ఉన్నవి ఆర్టీసీ పుష్పక్ బస్సులు, టాక్సీలు. పుష్పక్ మంచి బస్సు, సామాను పెట్టుకునే చోటుంది, సికింద్రాబాద్ వైపు వెళుతుంది. ఒంట్లో ఓపికున్నవారికి అది చాలు.

కానీ మూడు గంటలకు దిగిన పెద్దవాళ్లను వెంటనే రోడ్డెక్కించడం నాకు ఇష్టం లేదు. తెల్లవారేదాకా టెర్మినల్‌లోనే కూర్చుని, కాఫీ తాగి, మందులు వేసుకుని బయల్దేరమనండి. అక్కడ వెలుతురుంది, మరుగుదొడ్డి ఉంది, మనుషులున్నారు. అంతకంటే, ఓ కారు మాట్లాడి మీ ఆయన్ను పంపితే వరంగల్ హైవే మీద తిన్నగా ఇంటికి రావచ్చు. గల్ఫ్ నుంచి వచ్చేవారి సామాను బరువు మీకు తెలియంది కాదు.

సందేహం: నేను ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నాను. కారు లేదు. అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారు, హీత్రూ ఐదో టెర్మినల్‌లో దిగుతారు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఎలిజబెత్ లైనులో రమ్మని రాసిస్తే రాగలరా? టాక్సీ చాలా ఖరీదు.
- ఓ పాఠకుడు, రెడింగ్

సమాధానం: రాసిస్తే రాలేరని కాదు బాబూ, రమ్మనకూడదు. హీత్రూ నుంచి ఆ లైనులో రెడింగ్ రావాలంటే హేస్ అండ్ హార్లింగ్టన్‌లో దిగి వేరే రైలు పట్టుకోవాలి. పది గంటల ప్రయాణం చేసి, ఇమిగ్రేషన్ వరసలో నిలబడి వచ్చినవారు, ఫోన్‌లో ఇంకా అక్కడి సిమ్ లేకుండా, కొత్త దేశంలో చలిగాలి కొట్టే ప్లాట్‌ఫాం మీద రైలు మారడం ఊహించుకోండి. మన పాస్‌పోర్టు ఉన్నవారికి అక్కడి ఈ-గేట్లు పనిచేయవు, అధికారి దగ్గరికే వెళ్లాలి కాబట్టి ఎప్పుడు బయటికొస్తారో ముందే చెప్పలేం.

మీకు టాక్సీ, రైలు కాక మూడో దారి ఉంది. రెడింగ్ స్టేషన్‌కూ హీత్రూకూ మధ్య రెయిల్‌ఎయిర్ కోచ్ నడుస్తుంది, ఐదో టెర్మినల్ దగ్గర ఆగుతుంది. పెట్టెలు బస్సు కింది అరలో పెడతారు, మధ్యలో మారే పని లేదు. మీరు అదే కోచ్‌లో వెళ్లి, వాళ్లతో కలిసి తిరిగి రండి. పెట్టెలు నాలుగైనా, ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందే మాట్లాడుకున్న క్యాబ్ తీసుకోండి. దాని డ్రైవరు పేరు రాసిన బోర్డు పట్టుకుని లోపలే నిలబడతాడు.

రైలు మీద డబ్బు ఆదా చేయాలనుకుంటే అది తర్వాత చేయండి. మన రైళ్లలో 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీ లాంటిది అక్కడ సీనియర్ రైల్‌కార్డు రూపంలో ఉంది. 60 దాటినవారికి టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. వాళ్లు వారం రోజులు తేరుకున్నాక లండన్ చూపించడానికి తీసుకెళ్లండి, అప్పుడు పనికొస్తుంది. మొదటి రోజు మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టండి. వాళ్లు బయటికొచ్చే గేటు దగ్గర మీరు ఉండాలి.