కొలత – కలప
నంద్యాల జిల్లాలోని ఆళ్ళగడ్డ శిల్పులది తాళమానం. ముఖం పొడవు ఒక తాళం. నవతాళ విగ్రహానికి ఎత్తు 9 తాళాలు. ముఖం పెరిగితే విగ్రహమంతా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. ఇంట్లో స్వయంగా కుర్చీ, బీరువా చేసుకోదలచినవారికి మాత్రం ఈ సూత్రం పూర్తిగా చెల్లదు. అచ్చు నమూనాలోని కుర్చీ వెడల్పును మన గదికి తగినట్లు మార్చవచ్చు గాని, ఎత్తు కూర్చునేవారి మోకాలిని బట్టే ఉండాలి. పెద్దలకు సాధారణంగా 17, 18 అంగుళాలు.

అసలు చిక్కు కలపతోనే. రాయి కదలదు. టేకు సైతం వానకాలంలో అడ్డంగా ఉబ్బి, వేసవిలో కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు మారదు. అందుచేతనే అనుభవజ్ఞుడైన వడ్రంగి బీరువా తలుపు చట్రంలో పలకను జిగురుతో బిగింపక, గాడిలో కొంత ఎడం విడిచి వదులుగా కూర్చోబెడతాడు. నమూనాలో పలక వెడల్పు పెంచినవారు ఆ ఎడమునూ పెంచవలె. లేకున్న వానకాలంలో పలక ఉబ్బి చట్రం అతుకులను విడదీస్తుంది.