కంపెనీ మూతపడితే మీ స్ట్రీమర్ పాడుతుందా?

ఖరీదైన ఆడియో స్ట్రీమర్ కొనేముందు నేను సౌండ్ కంటే ముందు చూసేది ఒకటుంది: రేపు కంపెనీ లేకపోయినా ఇది పనిచేస్తుందా?

స్లిమ్ డివైసెస్ కథ చూడండి. 2006లో 1,999 డాలర్లకి ట్రాన్స్‌పోర్టర్ అనే నెట్‌వర్క్ ప్లేయర్ తెచ్చింది. అదే ఏడాది కంపెనీని లాజిటెక్ కొనేసింది. 2012లో స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లనే ఆపేసింది, 2024లో ఆన్‌లైన్ సర్వీస్‌నీ మూసేసింది.

అయినా ట్రాన్స్‌పోర్టర్ మూలన పడలేదు. ఎందుకంటే దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఇప్పుడు లిరియన్ మ్యూజిక్ సర్వర్ పేరుతో కమ్యూనిటీ నడిపిస్తోంది. మన పీసీలోనో రాస్ప్‌బెర్రీ పైలోనో వేసుకుంటే చాలు.

కోడ్ రాసేవాడిగా నా మాట: డీఏసీ చిప్ పాతబడితే పాట ఆగదు, సర్వర్ ఆగితే ఆగుతుంది. అందుకే కొనేముందు రెండు అడగండి. లాగిన్ లేకుండా పనిచేస్తుందా? ఆప్టికల్ లాంటి మామూలు ఇన్‌పుట్ ఉందా?